సీల్ మార్చినా మళ్ళీ లీకు, గేజ్ ముల్లు ఊగుతోంది: పంపు విప్పాలా, వద్దా?

ప్రశ్న (షిఫ్ట్ ఆపరేటర్)

అందరికీ నమస్కారం. మా దగ్గర కూలింగ్ వాటర్ పంపు ఒకటి బాగా ఏడిపిస్తోంది. వివరాలన్నీ ఒకేచోట రాస్తున్నాను, ఓపిగ్గా చదివి దారి చెప్పండి.

ఎండ్ సక్షన్ సెంట్రిఫ్యూగల్ పంపు. నేమ్ ప్లేట్ మీద గంటకు 250 ఘనపు మీటర్లు, హెడ్ (నీళ్లను ఎత్తగలిగే ఎత్తు) 32 మీటర్లు అని ఉంది. మోటారు 37 కిలోవాట్లు, 1480 ఆర్‌పీఎం, మధ్యలో కప్లింగ్. నీళ్లు కింద సంప్‌లోంచి లాగుతుంది. సంప్‌లో నీటిమట్టం నుంచి పంపు సెంటర్ దాకా రెండున్నర మీటర్ల ఎత్తు. సక్షన్ పైపు 200 ఎంఎం, అడుగున ఫుట్ వాల్వ్ (నీళ్లు వెనక్కి జారకుండా ఆపేది), పంపు ముందు స్ట్రైనర్ (చెత్త ఆపే జాలీ), ఆ తర్వాత 150కి రెడ్యూసర్ (పైపుని సన్నబరిచే ముక్క). నీళ్ల వేడి 40 డిగ్రీల దాకా ఉంటుంది.

బాగున్న రోజుల్లో డెలివరీ గేజ్ 2.8 కేజీ (చదరపు సెంటీమీటరుకు) చూపించేది, ముల్లు కదిలేది కాదు. ఆంపియర్లు 50 దగ్గర నిలకడగా ఉండేవి. ఇప్పుడు గేజ్ 2.2కీ 2.5కీ మధ్య ఊగుతోంది. ఆంపియర్లు కూడా 43 నుంచి 47 దాకా పైకీ కిందకీ పోతున్నాయి. కేసింగ్ దగ్గర చెవి పెడితే లోపల కంకర దొర్లినట్టు చప్పుడు. మెకానికల్ సీల్ (షాఫ్ట్ వెంట నీళ్లు బయటికి రాకుండా ఆపేది) కారుతోందని మార్చారు. నెల తిరక్కముందే మళ్ళీ కారడం మొదలైంది. చప్పుడు బేరింగ్‌దే అనుకుని బేరింగులు కూడా మార్చారు, చప్పుడు అలాగే ఉంది. ఇప్పుడు ఇంపెల్లర్ (లోపల తిరుగుతూ నీళ్లను విసిరే చక్రం) పోయి ఉంటుంది, మొత్తం విప్పి కొత్తది వేద్దాం అంటున్నారు. స్టాండ్‌బై పంపు ఒక్కటే ఉంది. ఇది విప్పి పెట్టాక అది కూడా మొరాయిస్తే లైన్ మొత్తం ఆగుతుంది, ఆ టెన్షన్ నాది. విప్పే ముందు ఏమైనా చూసుకోవచ్చా?


జవాబు (ఎలక్ట్రికల్ వైపు నుంచి)

బ్రదర్, బేరింగులు మార్చినప్పుడు మోటారు కేబుల్ విప్పారా? విప్పితే ముందు తిరిగే దిశ చూడండి. రెండు ఫేజులు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది. సెంట్రిఫ్యూగల్ పంపు వెనక్కి తిరిగినా నీళ్లు ఇస్తూనే ఉంటుంది, కాకపోతే ప్రెషర్, నీళ్లు రెండూ బాగా తగ్గుతాయి. అందుకే చాలాచోట్ల ఇది రోజుల తరబడి ఎవరికీ పట్టుబడదు. కేసింగ్ మీద పోతపోసిన బాణం గుర్తు ఉంటుంది. పంపు ఆపినప్పుడు, నెమ్మదించే ఘడియలో షాఫ్ట్ ఎటు తిరుగుతోందో దానితో పోల్చి చూడండి. చూసేది మోటారు కరెంటు తీసేసిన వెంటనే. నాన్ రిటర్న్ వాల్వ్ సరిగా మూసుకోకపోతే నీళ్లు వెనక్కొచ్చి షాఫ్ట్‌ని ఎదురు తిప్పుతాయి, అది చూసి మోసపోవద్దు.

మూడు ఫేజుల్లో ఆంపియర్లు విడివిడిగా చూడండి. మూడూ కలిసి ఊగుతుంటే లోడే ఊగుతోందని అర్థం, తప్పు నీళ్ల వైపు ఉంది. ఒక్క ఫేజు మాత్రమే తేడాగా ఉంటే నా వైపు పని.


జవాబు (పంపుల ఫిట్టర్)

తమ్ముడూ, ఇప్పుడే విప్పొద్దు. నువ్వు రాసిన దాంట్లోనే సగం జవాబుంది. ఊగే ముల్లు ఇంపెల్లర్ అరుగుదల లక్షణం కాదు. ఇంపెల్లర్, వేర్ రింగులు (ఇంపెల్లర్‌కీ కేసింగ్‌కీ మధ్య ఉండే రింగులు) అరిగితే ప్రెషర్ నెలల మీద మెల్లగా దిగుతుంది, దిగినచోట నిలకడగా ఉంటుంది. ముల్లు ఊగుతోందంటే పంపు నోటికి నీళ్లు సరిగా అందడం లేదు. కాబట్టి స్పానర్ పట్టుకునే ముందు గేజులు పట్టుకో. పాతికేళ్లుగా పంపులతోనే ఉన్నాను, విప్పి బల్ల మీద పెట్టిన పంపు ఏమీ చెప్పదు. తిరుగుతున్న పంపే చెబుతుంది. ఆ చెప్పేది విప్పకముందే రాసుకోవాలి.

మొదటి పని షటాఫ్ హెడ్ చూడటం. పంపు నడుస్తుండగా డెలివరీ వాల్వ్ నెమ్మదిగా పూర్తిగా మూసి, ముల్లు ఎక్కడ నిలిచిందో చూసి, వెంటనే తెరవాలి. అర నిమిషం మించొద్దు. నీళ్లు బయటికి పోకపోతే మోటారు పెట్టే శక్తంతా లోపలి నీళ్లను కాచడానికే పోతుంది. సక్షన్, డెలివరీ రెండూ మూసిన పంపుని మాత్రం ఎప్పుడూ నడపకు. లోపలి నీళ్లు మరిగి కేసింగ్ పేలిన ఘటనలు జరిగాయి, మనుషులు పోయారు. ఇంకో మాట, ఈ పరీక్ష మీలాంటి రేడియల్ ఫ్లో పంపులకే. ఏక్సియల్ ఫ్లో పంపుల్లో వాల్వ్ మూస్తే లోడు తగ్గదు, పెరుగుతుంది. వాటి మీద చేయకూడదు.

పంపుతో వచ్చిన కర్వ్ (ఎంత ఫ్లోకి ఎంత హెడ్ ఇస్తుందో చూపే గీత) తీసి, ఫ్లో సున్నా దగ్గర హెడ్ ఎంతో చూడు. దాంట్లోంచి మీ సక్షన్ ఎత్తు రెండున్నర మీటర్లు తీసెయ్. మిగిలింది డెలివరీ గేజ్‌లో కనబడాలి, ఒక కేజీకి పది మీటర్ల లెక్కన. వాల్వ్ మూసినప్పుడు పైపులో ప్రవాహం ఉండదు, రాపిడి నష్టం ఉండదు, స్ట్రైనర్ మూసుకుపోయినా ఈ రీడింగ్‌కి తేడా రాదు. అందుకే ఈ పరీక్ష అంటే నాకంత గౌరవం. పంపు తప్పునీ లైన్ తప్పునీ విడదీసి చూపిస్తుంది. రీడింగ్ కర్వ్‌తో కలిస్తే ఇంపెల్లర్, వేర్ రింగులు, తిరిగే దిశ మూడూ బాగున్నట్టే. కలవకపోతే అప్పుడు విప్పడం గురించి మాట్లాడదాం.

రెండోది సక్షన్ వైపు వాక్యూమ్ గేజ్. ఉందా? చాలా పంపులకి డెలివరీ గేజ్ మాత్రమే పెట్టి, సక్షన్ వైపు ప్లగ్ బిగించి వదిలేస్తారు. జబ్బుల్లో ఎక్కువ భాగం పుట్టేది అటే, చూసే కన్ను మాత్రం ఇటు. స్ట్రైనర్ దాటాక, రెడ్యూసర్‌కి ముందు, 200 పైపు మీద పెట్టు. మామూలుగా నడిచేటప్పుడు ఎంత వాక్యూమ్ చూపిస్తుందో రాయి.

మూడోది: నడుస్తుండగా డెలివరీ వాల్వ్ కొంచెం కొంచెం నొక్కుతూ చప్పుడు విను. కంకర చప్పుడు తగ్గుతూ పోతే అది క్యావిటేషన్, అంటే ఒత్తిడి చాలక నీళ్లలో ఆవిరి బుడగలు పుట్టి పగలడం. ఫ్లో తగ్గితే సక్షన్‌లో నష్టం తగ్గుతుంది, పంపు కోరే ఎన్‌పీఎస్‌హెచ్ (నీళ్లు ఆవిరి కాకుండా పంపు నోటి దగ్గర ఉండాల్సిన ఒత్తిడి) కూడా తగ్గుతుంది, అందుకని ఉపశమనం. చప్పుడు తగ్గినా ముల్లు ఊపు మాత్రం అలాగే ఉంటే గాలి కూడా కలుస్తోందన్న మాట.

తీసేసిన పాత సీల్ పారేయలేదుగా? దాని ఫేసులు శుభ్రంగా తుడిచి, వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూడు. గట్టి ఫేసు మీద మధ్యలోంచి అంచుకి సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్లుంటే అది ఎండుగా తిరిగి కాలింది. కార్బన్ అంచులు చిట్లి ఉంటే షాఫ్ట్ అదురుతోంది, ఫేసులు విడిపోయి కలుస్తున్నాయి. అలాంటివేమీ లేకుండా ఫేసు మీద గీతలు మాత్రమే ఉంటే నీళ్లలో ఇసుకో తుప్పో ఉంది.


ప్రశ్న అడిగినవారి నుంచి

అన్నా, చెప్పినవన్నీ చేశాం. తిరిగే దిశ సరిగానే ఉంది, మూడు ఫేజులూ కలిసే ఊగుతున్నాయి.

కర్వ్‌లో షటాఫ్ హెడ్ 40 మీటర్లు. వాల్వ్ మూసినప్పుడు డెలివరీ గేజ్ 3.7 కేజీ చూపించింది, ముల్లు నిలబడింది.

వాక్యూమ్ గేజ్ లేదు, మీరు చెప్పినట్టు ప్లగ్ ఉంది. అది విప్పి గేజ్ పెట్టించాం. నడిచేటప్పుడు 420 ఎంఎం మెర్క్యురీ దగ్గర ఊగుతోంది. డెలివరీ వాల్వ్ నొక్కితే చప్పుడు బాగా తగ్గింది. ముల్లు ఊపు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

పాత సీల్ స్టోర్‌లో దొరికింది. సిరామిక్ ఫేసు మీద మీరు చెప్పిన సన్నటి పగుళ్లే ఉన్నాయి, మధ్యలోంచి బయటికి. కార్బన్ అంచు ఒకవైపు కొంచెం చిట్లింది.

ఇంకో విషయం. గత షట్‌డౌన్‌లో సక్షన్ లైన్ తుప్పు పట్టిందని పైపు ముక్క, రెడ్యూసర్ కొత్తవి వేశారు. స్ట్రైనర్ జాలీ కూడా చిరిగిందని కొత్తది పెట్టారు. ఇబ్బంది దాని తర్వాతే మొదలైంది. బయటి టీం వచ్చి చేసిన పని అది. ఇది ముందే రాయాల్సిందేమో.


జవాబు (పంపుల ఫిట్టర్)

చాలా మంచి రీడింగులు తెచ్చావు. ఇక లెక్క చూద్దాం.

షటాఫ్ దగ్గర 3.7 కేజీ అంటే 37 మీటర్లు, దానికి రెండున్నర కలిపితే 39.5. కర్వ్ 40 అంటోంది. గేజ్ తేడాల్లో ఆ అర మీటరు లెక్కలోది కాదు. పంపు ఆరోగ్యంగా ఉంది. దాన్ని విప్పే పని లేదు.

ఇప్పుడు సక్షన్. 760 ఎంఎం మెర్క్యురీ అంటే 10.3 మీటర్ల నీళ్లు, కాబట్టి వంద ఎంఎంకి 1.36 మీటర్లు. మీ 420 అంటే 5.7 మీటర్లు. ఉండాల్సింది ఎంత? ఎత్తు రెండున్నర. గంటకు 250 ఘనపు మీటర్లు 200 పైపులో పోతే వేగం సెకనుకు 2.2 మీటర్లు, ఆ వేగానికి పావు మీటరు. ఫుట్ వాల్వ్, బెండు, శుభ్రమైన స్ట్రైనర్, పైపు రాపిడి అన్నీ కలిపి ఒక మీటరు లోపు. మొత్తం 3.6 మీటర్లు, అంటే గేజ్‌లో 265 ఎంఎం దగ్గర. మీ దగ్గర దానికంటే రెండు మీటర్ల పైన ఎక్కువ పోతోంది. పైగా ఇప్పుడు మీ ఫ్లో 250 కంటే తక్కువే ఉండాలి, కాబట్టి నష్టం ఇంకా తక్కువ ఉండాల్సింది. ఎక్కడో గొంతు పట్టేసింది.

ఇప్పుడు మీ పంపుకి అందుతున్న ఎన్‌పీఎస్‌హెచ్ చూడు. సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి 10.3 మీటర్లు. అందులోంచి గేజ్ చూపే 5.7 తీస్తే 4.6. నలభై డిగ్రీల దగ్గర నీటి ఆవిరి ఒత్తిడి ముప్పావు మీటరు, అదీ తీస్తే 3.85. వేగం తాలూకు పావు మీటరు కలిపితే 4.1. పంపు కర్వ్ మీద అడుగున ఇంకో గీత ఉంటుంది, కావాల్సిన ఎన్‌పీఎస్‌హెచ్‌ది. ఈ సైజు పంపుల్లో అది నాలుగు మీటర్లకి అటూ ఇటూ ఉండటం మామూలే. మీది చూసుకో. ఒక్క సంగతి అందరూ మర్చిపోతారు: ఆ గీత క్యావిటేషన్ మొదలయ్యే చోటు కాదు, దానివల్ల హెడ్ అప్పటికే 3 శాతం పడిపోయిన చోటు. అంటే ఆ గీతకి సరిగ్గా సమానంగా నడుపుతుంటే లోపల బుడగలు పుట్టి పగులుతూనే ఉంటాయి. కనీసం ఒక మీటరైనా పైన ఉండాలి. లైన్ బాగున్నప్పుడు మీకు 6.2 మీటర్లు ఉండేది, అందుకే చప్పుడు లేదు. మీ ప్లాంటు ఎత్తైన ప్రదేశంలో ఉంటే ఇంకా కష్టం, వెయ్యి మీటర్ల ఎత్తుకి 1.2 మీటర్లు తగ్గిపోతుంది.

కొత్త జాలీ మీద నా అనుమానం. కన్ను ఎంత ఉందో కొలువు. పాత జాలీ ముక్క దొరికితే పక్కన పెట్టి చూడు. పంపు సక్షన్ స్ట్రైనర్ పని పెద్ద చెత్తని ఆపడం వరకే, నీళ్లను వడగట్టడం కాదు. ఇంపెల్లర్ దారిలోంచి పోగలిగేదాన్ని పోనివ్వాలి. సన్నటి జాలీ వేస్తే నీళ్లు శుభ్రమవుతాయని మంచి ఉద్దేశంతోనే వేస్తారు, కానీ అది వారంలో నాచుతో, తుప్పు పొరలతో మూసుకుంటుంది. సన్నటి వడపోత కావాలంటే దాన్ని డెలివరీ వైపు పెట్టుకోవాలి. అక్కడ నష్టపోవడానికి ప్రెషర్ ఉంది, సక్షన్ వైపు లేదు.

ఇక రెడ్యూసర్. అది ఎక్సెంట్రిక్ రకమేనా, అంటే ఒక వైపు చదునుగా ఉండేదేనా? అయితే చదునైన వైపు పైనుందా, కిందుందా? నిజం చెప్పాలంటే నువ్వు షట్‌డౌన్ సంగతి రాయగానే నేను అనుకున్నది ఇదే. మీది కిందినుంచి లాగే లైను. చదును పైకి ఉండాలి. చదును కిందకి పెడితే, లేదా అన్ని వైపులా సమంగా సన్నబడే మామూలు కాన్సెంట్రిక్ రెడ్యూసర్ వేస్తే, పెద్ద పైపు పైభాగంలో ఒక జేబు మిగులుతుంది. నీళ్లలో కరిగిన గాలి ఎప్పుడూ కొంత ఉంటుంది. వాక్యూమ్ పెరిగేకొద్దీ అది బయటికొస్తుంది, వచ్చి ఆ జేబులో చేరుతుంది. జేబు నిండాక ఒక్కసారిగా తెగి ఇంపెల్లర్‌లోకి పోతుంది. మళ్ళీ నిండుతుంది, మళ్ళీ పోతుంది. మీ ముల్లు ఊపు అదే అని నా నమ్మకం.

సీల్ ఎందుకు కాలుతోందో ఇక్కడే తెలుస్తుంది. తిరిగే నీళ్లలో బరువైన నీరు బయటి అంచుకి పోతుంది, తేలికైన గాలి మధ్యకి, అంటే షాఫ్ట్ చుట్టూ చేరుతుంది. మెకానికల్ సీల్ కూర్చున్నది సరిగ్గా అక్కడ. దాని రెండు ఫేసుల మధ్య కంటికి కనబడని నీటిపొర ఉండాలి, ఆ పొరే దానికి కందెన, అదే చల్లదనం. గాలి వచ్చి చుట్టుకున్న కాసేపు ఫేసులు ఎండుగా రాసుకుని ఎర్రగా కాగుతాయి, వెంటనే నీళ్లు తగులుతాయి. కాలిన సిరామిక్ మీద నీళ్లు పడితే పగలక ఏమవుతుంది? నువ్వు చూసిన వెంట్రుక పగుళ్లు అవే. సీల్ కంపెనీని మార్చినా, ఎంత ఖరీదైన సీల్ వేసినా, ఈ గాలి ఆగేవరకు అది బతకదు.

సీల్ ఫ్లష్ లైను కూడా చూడు. డెలివరీ నుంచి సీల్ ఛాంబర్‌కి వచ్చే సన్నటి ట్యూబు, మధ్యలో చిన్న రంధ్రం ఉన్న ఆరిఫైస్. తుప్పు రేకుతో ఆ రంధ్రం మూసుకోవడం తరచూ జరిగేదే. నడిచేటప్పుడు ట్యూబు మీద చెయ్యి పెడితే సంప్ నీళ్ల వేడే తెలియాలి. కేసింగ్ చల్లగా, ట్యూబు చివర సీల్ ప్లేట్ వేడిగా ఉంటే అది పారడం లేదు.

లైను విప్పేటప్పుడు బ్రేకర్ ఆఫ్ చేసి తాళం వేయించు, ట్యాగ్ కట్టించు, కేసింగ్ డ్రెయిన్ తెరిచి నీళ్లు పోయాకే బోల్టు ముట్టుకోండి.


జవాబు (ఎలైన్‌మెంట్ పని చేసేవాడిని)

సర్, పైన చెప్పినదానికి ఒకటి కలుపుతాను. కార్బన్ అంచు ఒకవైపు చిట్లింది అన్నారు. సక్షన్ లైను కొత్తగా వేశారు. అయితే పైపు పంపుని లాగుతోందేమో చూడాలి. ఫ్లాంజులు ఎదురెదురుగా సరిగ్గా కూర్చోకపోతే బోల్టులతో లాగి బిగించేస్తారు. ఆ లాగుడంతా కేసింగ్ మీద పడి కప్లింగ్ అలైన్‌మెంట్ చెడుతుంది.

ఎలాగూ రెడ్యూసర్ మారుస్తారు కాబట్టి అప్పుడే చూసుకోండి. మోటారు వైపు నుంచి డయల్ గేజ్ పట్టించి, ముల్లు పంపు కప్లింగ్ హబ్ మీద ఆనించి సున్నా చేయండి. సక్షన్ ఫ్లాంజ్ బోల్టులు ఒక్కొక్కటే వదులు చేయండి. ముల్లు 0.05 ఎంఎం కంటే ఎక్కువ కదిలితే పైపు లాగుతున్నట్టే. పైపుని సరిచేయాలి, సపోర్టు వేయాలి. పంపుని జరిపి పైపుకి సరిపెట్టకూడదు. డెలివరీ ఫ్లాంజ్‌కీ అదే పరీక్ష.

మోటారు కాళ్లు కూడా. నాలుగు బోల్టులూ బిగించి, ఒక్కోటీ వదులు చేసినప్పుడు కాలు 0.05 ఎంఎం పైకి లేస్తే కింద షిమ్ (ఎత్తు సరిచేసే పలచటి రేకు) తక్కువ పడింది. షిమ్‌లు మూడు నాలుగు మించి పేర్చొద్దు, స్ప్రింగులాగా పనిచేస్తాయి.

బేరింగుల్లో గ్రీజు ఎంత పెట్టారు? కొత్త బేరింగు కదా అని హౌసింగ్ నిండా కూరితే గ్రీజు చిలకబడి వేడెక్కుతుంది. హౌసింగ్ ఖాళీలో మూడోవంతు నుంచి సగం దాకా చాలు. తర్వాత వేసేటప్పుడు బయటి వ్యాసాన్ని వెడల్పుతో గుణించి, దాన్ని 0.005తో గుణిస్తే గ్రాములు వస్తాయి. ఉదాహరణకి 6309 బేరింగు బయట 100 ఎంఎం, వెడల్పు 25. అంటే పన్నెండున్నర గ్రాములు. మీ గ్రీజు గన్ ఒక్క నొక్కుడుకి ఎన్ని గ్రాములు ఇస్తుందో ఒకసారి కాటాలో తూచి గన్ మీద రాసి పెట్టుకోండి.

వైబ్రేషన్ మీటరు ఉంటే బేరింగ్ హౌసింగ్ మీద అడ్డంగా, నిలువుగా, షాఫ్ట్ దిశలో చూడండి. ఈ సైజు మోటారుకి సెకనుకు 2.8 ఎంఎం లోపు ఉంటే బాగున్నట్టు. షాఫ్ట్ దిశలో ఎక్కువ వస్తే ముందు అలైన్‌మెంట్‌నే అనుమానించండి.


ప్రశ్న అడిగినవారి నుంచి

అన్నా, సర్, అందరికీ దండాలు. స్టాండ్‌బై నడిపించి ముందు ఈ పంపు లైను మాత్రమే విప్పాం.

రెడ్యూసర్ ఎక్సెంట్రిక్కే. చదును కింద ఉంది. మీరు చెప్పినట్టు పైన జేబు. లోపల ఆ జేబు మేర తుప్పు రంగు వేరేగా, ఎండు గీతలా కనిపించింది. అక్కడ నీళ్లు తగలడం లేదని చూస్తేనే తెలిసిపోతోంది. స్ట్రైనర్ జాలీ చేతితో తడిమితే గుడ్డలా ఉంది, అంత సన్నటి కన్ను, సగానికి పైగా నాచు. పాత జాలీ కన్నులోంచి చిటికెన వేలు దూరేది. సక్షన్ ఫ్లాంజ్ వదులు చేయగానే డయల్ ముల్లు 0.3 కదిలింది, పైపు పక్కకి జరిగి నిలబడింది.

రెడ్యూసర్ తిప్పి పెట్టాం, జాలీ పాత కొలతకి చేయించాం, బెండు దగ్గర సపోర్టు వేయించి పైపుని ఫ్లాంజ్‌కి తెచ్చాం, అలైన్‌మెంట్ చేయించాం, సీల్ కొత్తది వేశాం. ఇప్పుడు వాక్యూమ్ 270, డెలివరీ 2.8, ఆంపియర్లు 50. ముల్లు నిలబడింది. చప్పుడు లేదు. నాకు కంటినిండా నిద్ర పట్టింది.

సీల్ మార్చేటప్పుడు ఇంపెల్లర్ కనబడింది కాబట్టి ఒకటి అడగాలి. వేన్లు (ఇంపెల్లర్ రెక్కలు) మొదలయ్యే చోట, నోటి దగ్గర, వెనకవైపు చిన్న చిన్న గుంటలు పడ్డాయి, వేలితో రాస్తే గరుకు. కంచుది. దాన్ని అలాగే వాడొచ్చా, మార్చేయాలా? పైవాళ్లు మళ్ళీ అదే అడుగుతున్నారు.


జవాబు (పంపుల ఫిట్టర్)

ముల్లు నిలబడిందంటే చాలా సంతోషం తమ్ముడూ.

గుంటలు క్యావిటేషన్‌వే. పడిన చోటే దానికి సాక్ష్యం. నోటి దగ్గర, వేన్ తక్కువ ఒత్తిడి ముఖం మీద బుడగలు పుడతాయి, కొంచెం లోపలికి పోగానే ఒత్తిడి పెరిగి పగులుతాయి, పగిలిన చోట లోహాన్ని గిల్లుతాయి. బయటి అంచుల దగ్గర, లేదా ఉపరితలమంతా సమంగా నున్నగా అరిగి ఉంటే అది ఇసుక పని అయి ఉండేది.

షటాఫ్ హెడ్ కర్వ్‌తో కలిసింది, ఇప్పుడు ప్రెషర్, ఆంపియర్లు పూర్వంలా వచ్చాయి. కాబట్టి పని చేసే విషయంలో ఈ ఇంపెల్లర్‌కి లోటు లేదు. గరుకు మాత్రమే ఉండి, వేన్ మందం తగ్గకపోతే వాడుకో. కారణం పోయింది, గుంటలు ఇక పెరగవు. వేన్ అంచు పలచబడి రేకులా అయినా, ఎక్కడైనా అవతలి వెలుతురు కనబడినా మార్చాలి. గుంటల్ని వెల్డింగ్‌తో నింపుదామని ఎవరైనా అంటే, నింపి రుద్దాక బ్యాలెన్స్ చేయించకుండా ఎక్కించనివ్వకు, జీ 6.3 గ్రేడ్ అడుగు. కంచు వెల్డింగ్ అందరికీ రాదు, ఒక వైపు వేడికి వంగితే ఉన్న ఇంపెల్లర్ కూడా పోతుంది. నన్నడిగితే ముట్టుకోవద్దనే అంటాను. కొత్తది ఒకటి తెప్పించి స్టోర్‌లో ఉంచమను. దానితోపాటు వేర్ రింగులు కూడా. ఈసారి పంపు విప్పాల్సి వచ్చినప్పుడు రింగు గ్యాప్ కొలిచి, మాన్యువల్లో ఇచ్చిన దానికి రెట్టింపైతే అప్పుడు మారుస్తారు.

ఆ వాక్యూమ్ గేజ్ మాత్రం తీయనివ్వకు. తాత్కాలికంగా పెట్టింది కదా అని మళ్ళీ ప్లగ్ బిగించేస్తారు. లాగ్ షీట్‌లో డెలివరీ, ఆంపియర్లు పక్కన సక్షన్ వాక్యూమ్‌కి ఒక గడి వేయించు. ఈ రోజు 270 ఉంది కదా, అది 320 దాటితే స్ట్రైనర్ కడగాలని గడి పైనే రాయించు. అంతకంటే ఎదురు చూడొద్దు, 420 దాకా పోతే ఏమవుతుందో మీరు చూశారు. స్ట్రైనర్ శుభ్రంగా ఉండి కూడా వాక్యూమ్ పెరుగుతుంటే ఫుట్ వాల్వ్ సరిగా తెరుచుకోవడం లేదు, లేదా సంప్ మట్టం తగ్గుతోంది.

వాక్యూమ్ మామూలుగా ఉండి ముల్లు మాత్రం ఊగితే బయటి గాలి ఎక్కడో దూరుతోంది, లేదంటే సంప్‌లో సుడి పడుతోంది. సుడి అయితే నీటి మీద చిన్న గుంటలా తిరుగుతూ కనబడుతుంది, పైన ఒక చెక్క పలక తేలనిస్తే తాత్కాలికంగా తెగుతుంది. ఫ్లాంజ్ లీకుకి సబ్బు నురగ పెడతారు కొందరు. వాక్యూమ్ లైన్లో బుడగ బయటికి రాదు, లోపలికి పోతుంది, ఏమీ తెలియదు. దానికి బదులు గాస్కెట్ అంచు చుట్టూ గట్టి గ్రీజు రాస్తూ పో. ఏ ఫ్లాంజ్ దగ్గర రాసినప్పుడు ముల్లు నిలబడిందో అదే.

స్టాండ్‌బై పంపు సక్షన్ కూడా అదే షట్‌డౌన్‌లో, అదే టీం వేసిందా? అయితే దాని రెడ్యూసర్ చదును ఎటు ఉందో, స్ట్రైనర్‌లో ఏ జాలీ ఉందో ఈ వారంలోనే చూడు. చూసి ఇక్కడ రాయి.


ప్రశ్న అడిగినవారి నుంచి

ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను అన్నా. అదే టీం వేసింది. రెడ్యూసర్ చదును దానికీ కిందే ఉంది. జాలీ విప్పితేగానీ తెలియదు, వాక్యూమ్ గేజ్ ప్లగ్ మాత్రం కనబడింది. రేపు దీని మీద లోడు వేసి, దానికి వర్క్ పర్మిట్ పెట్టిస్తున్నాను.